ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడితే: సర్వర్‌కు ప్యాచ్ ఎలా వేయాలి, ఎక్కడిదాకా వేయాలి

వరంగల్, హన్మకొండ, కరీంనగర్, నిజామాబాద్ లాంటి ఊళ్లలో డయాగ్నస్టిక్ సెంటర్‌కో, డిగ్రీ కాలేజీకో, జిన్నింగ్ మిల్లుకో, చిట్టీల ఆఫీసుకో ఒక మూల గదిలో లినక్స్ సర్వర్ ఒకటి నడుస్తూ ఉంటుంది. రిపోర్టులు, ఫీజులు, బిల్లులు, ఇంటి నుంచి పనిచేసేవాళ్ల వీపీఎన్ అన్నీ దాని మీదే. చూసుకునే మనిషి మాత్రం ఒక్కరే. ప్రింటర్ ఆగినా, సీసీ కెమెరా రాకపోయినా ఆ ఒక్కరినే పిలుస్తారు. ‘ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో (నెట్ మీద పోయే సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో) పెద్ద లోపం, వెంటనే అప్‌డేట్ చేయండి’ అని వార్త వస్తే అదీ వాళ్ల నెత్తి మీదే పడుతుంది. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

చాలామంది అప్‌డేట్ కమాండ్ కొట్టి, ఎర్రర్ రాలేదని చూసుకుని, పని అయిపోయిందనుకుంటారు. కొత్త ప్యాకేజీ డిస్కులోకి వచ్చినంత మాత్రాన లోపం పోదు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు పాత లైబ్రరీని, అంటే అవన్నీ పంచుకుని వాడుకునే కోడ్ ఫైల్‌ను, మెమరీలో పట్టుకునే ఉంటాయి. ఆ లోపం వల్ల సర్వర్ రహస్య కీ ఈపాటికే బయటికి పోయి ఉంటే, రీస్టార్ట్ చేసినా సరిపోదు. అందుకే ఇక్కడ ప్యాకేజీ ఎక్కించే భాగం చిన్నది, దాని తర్వాతి భాగం పెద్దది.

కమాండ్లను ఫోన్లో చెప్పుకున్నట్టు తెలుగు అక్షరాల్లో రాశాను. టైప్ చేసేది మామూలుగా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే. ఉదాహరణలు ఉబుంటువి. రెడ్ హ్యాట్ కుటుంబం వాడేవాళ్లకు తేడా ఉన్నచోట చెబుతాను.

లోపం ఏ రకమో ముందు తెలుసుకోండి

వార్త చూడగానే కీబోర్డు మీద చేయి వేయకండి. ఓ పది నిమిషాలు కూర్చుని, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ల ప్రకటన, మీ డిస్ట్రిబ్యూషన్‌వాళ్ల భద్రతా ప్రకటన రెండూ చదవండి. వాటిలో మూడు సంగతులు వెతకాలి: ఏ వెర్షన్లకు లోపం ఉంది, దాని వల్ల ఏం బయటికి పోతుంది, ప్యాచ్ వేసేలోపు తాత్కాలిక ఉపాయం ఏమైనా ఉందా. మిగతా పని అంతా రెండో ప్రశ్న జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. రెండు నిజమైన ఉదాహరణలతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటిది హార్ట్‌బ్లీడ్. దాని సీవీఈ నంబర్, అంటే భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, 2014-0160. 2014 ఏప్రిల్ 7న బయటపెట్టారు. ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా ఉన్న వెర్షన్లలో ఈ లోపం ఉంది, 1.0.1జీలో సరిచేశారు. అంతకంటే పాతవైన 1.0.0, 0.9.8 శ్రేణుల్లో లేదు. పాతది కాబట్టి ప్రమాదమనీ, కొత్తది కాబట్టి క్షేమమనీ గుడ్డిగా అనుకోవడానికి లేదు. కనెక్షన్ బతికే ఉందా అని చూసుకోవడానికి రెండు కంప్యూటర్లు పంపుకునే చిన్న సందేశంలో ఉంది లోపమంతా. ‘ఇదిగో ఈ మాట, దీని పొడవు ఇంత, ఇదే తిరిగి పంపు’ అని ఒకవైపు నుంచి అడుగుతారు. చెప్పిన పొడవు నిజమా కాదా అని అవతలి ప్రోగ్రామ్ సరిచూడలేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక్క బస్తా దించి, చిట్టీలో మాత్రం వెయ్యి బస్తాలని రాయించుకుని, తిరిగి తీసుకుపోయేటప్పుడు చిట్టీ ప్రకారం పక్కవాళ్ల బస్తాలూ ఎత్తుకుపోయినట్టు అన్నమాట. ఒక్కో విడతకు 64 కిలోబైట్ల దాకా సర్వర్ మెమరీ అలా బయటికి పోయేది. అందులో పాస్‌వర్డులు ఉండొచ్చు, లాగిన్ కుకీలు ఉండొచ్చు, సర్టిఫికెట్ వెనకున్న రహస్య కీ కూడా ఉండొచ్చు. మామూలు లాగ్‌లలో దీని జాడే కనిపించదు.

రెండోది 2024 జులై 1న క్వాలిస్ సంస్థ బయటపెట్టిన రెగ్రెషన్. సీవీఈ నంబర్ 2024-6387. ఇది దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లోది. 8.5పీ1 నుంచి 9.8పీ1కి ముందు వరకు ఉన్న వెర్షన్లలో, గ్లిబ్‌సీ అనే మూల లైబ్రరీ వాడే లినక్స్‌లలో ఉంది. 2006లో సరిచేసిన పాత లోపమే 2020 అక్టోబర్‌లో కోడ్ మార్పుల్లో మళ్లీ వచ్చి చేరింది. ఇక్కడ మెమరీ కారిపోవడం ఉండదు. దాడి ఫలిస్తే లాగిన్ కూడా కాకుండానే అవతలివాడు రూట్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్, అయిపోతాడు. అయితే అది టైమింగ్ మీద ఆధారపడిన దాడి. 32 బిట్ సిస్టమ్ మీద పరీక్షించినప్పుడు సగటున సుమారు 10,000 ప్రయత్నాలు పట్టాయని కనిపెట్టినవాళ్లే రాశారు.

ఈ రెండింటికీ చికిత్స ఒకటి కాదు. మొదటిదానికి ప్యాచ్ వేశాక కీలు, సర్టిఫికెట్లు, పాస్‌వర్డులు మార్చాలి. రెండోదానికి ప్యాచ్ వేసి, ఎవరైనా అప్పటికే లోపలికి వచ్చారేమో వెతకాలి. ఇది తేల్చుకోకుండా మొదలుపెడితే సగంలో ఆగిపోతాం.

మన దగ్గర ఉన్నది ఏ వెర్షన్

‘ఓపెన్ఎస్ఎస్ఎల్ వెర్షన్ హైఫన్ ఏ’ అని కొడితే వెర్షన్ నంబర్, ఎప్పుడు బిల్డ్ చేశారో ఆ తేదీ కనిపిస్తాయి. చాలామంది బోల్తా పడేది ఈ నంబర్ దగ్గరే. ఉబుంటు, డెబియన్, రెడ్ హ్యాట్ వాళ్లు సాధారణంగా కొత్త వెర్షన్ ఎక్కించరు. తమ దగ్గరున్న పాత వెర్షన్‌లోకే ఆ ఒక్క సవరణను తెచ్చి కలుపుతారు. హార్ట్‌బ్లీడ్ అప్పుడు ఉబుంటు 12.04లో ప్యాచ్ పడ్డాక కూడా తెర మీద 1.0.1 అనే కనిపించేది. మారింది బిల్డ్ తేదీ: 2014 ఏప్రిల్ 7, అంతర్జాతీయ సమయం 20:33. మన గడియారంలో అది ఏప్రిల్ 8 తెల్లవారుజామున రెండు దాటాక, శ్రీరామనవమి రోజు. ‘1.0.1జీ కనిపించట్లేదు, అంటే ప్యాచ్ పడలేదు’ అని అప్పట్లో సోర్స్ నుంచి సొంతంగా కంపైల్ చేసుకున్నవాళ్లున్నారు. అలా చేస్తే ఆ తర్వాత వచ్చే అప్‌డేట్లేవీ ఆ కాపీకి అందవు. దయచేసి ఆ దారిలో వెళ్లకండి.

కచ్చితంగా తేల్చుకోవాలంటే ప్యాకేజీ వెర్షన్ చూడాలి. ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీ ఉండే ప్యాకేజీ పేరు లిబ్ఎస్ఎస్ఎల్3. ‘ఆప్ట్ హైఫన్ క్యాష్ పాలసీ లిబ్ఎస్ఎస్ఎల్3’ అని కొడితే ఇప్పుడున్నది, రావాల్సింది పక్కపక్కనే చూపిస్తుంది. ఉబుంటు 24.04లో ఆ ప్యాకేజీ పేరు చివర టీ64 అని ఉంటుంది. ఆ నంబర్‌ను డిస్ట్రిబ్యూషన్ ప్రకటనలో ఉన్న నంబర్‌తో అక్షరం అక్షరం పోల్చండి. ఉదాహరణకు రెగ్రెషన్‌కు ఉబుంటు 22.04లో సవరణ వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ వెర్షన్ 8.9పీ1-3ఉబుంటు0.10. చివరనున్న 0.10కి బదులు 0.7 ఉంటే లోపం ఉన్నట్టే. అనుమానం తీరకపోతే ‘ఆప్ట్ చేంజ్‌లాగ్’ అని కొట్టి ప్యాకేజీ పేరివ్వండి, అందులో సీవీఈ నంబర్ వెతకండి. రెడ్ హ్యాట్ రకాల్లో ‘ఆర్‌పీఎం హైఫన్ క్యూ హైఫన్ హైఫన్ చేంజ్‌లాగ్’ ఇదే పని చేస్తుంది.

ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్‌కు కనిపించని కాపీలు కూడా ఉంటాయి. నోడ్ జేఎస్ తన ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను తనలోనే మోసుకొస్తుంది. డాకర్ కంటెయినర్ లోపల వేరే లైబ్రరీ ఉంటుంది, హోస్ట్‌కు ప్యాచ్ వేస్తే కంటెయినర్‌కు తగలదు. విండోస్ మీద ఎక్సాంప్‌తో బిల్లింగ్ నడిపే ఆఫీసులు మన దగ్గర చాలా ఉన్నాయి, ఆ ఎక్సాంప్‌లోనూ ఓపెన్ఎస్ఎస్ఎల్ ఉంటుంది, విండోస్ అప్‌డేట్ దాన్ని ముట్టుకోదు. సిబ్బంది ల్యాప్‌టాప్‌లలోని ఓపెన్‌వీపీఎన్ సంగతీ అంతే. ఇక రౌటర్, ఫైర్‌వాల్, కెమెరాల డీవీఆర్‌లకు కంపెనీ ఫర్మ్‌వేర్ ఇస్తే తప్ప దారి లేదు. ఇవ్వకపోతే ఆ పరికరాన్ని ఇంటర్నెట్‌కు తెరిచిన పోర్టును రౌటర్‌లో మూసేయండి. ఇంటి నుంచి కెమెరాలు చూడాలని యజమాని పట్టుబడితే వీపీఎన్ ద్వారా చూపించండి.

డిస్ట్రిబ్యూషన్‌కే గడువు తీరిపోయి ఉంటే అసలు ప్యాచే రాదు. ఉబుంటు 20.04కు మామూలు సపోర్ట్ 2025 మేలో ముగిసింది. వెంటనే కొత్తదానికి మారలేని స్థితిలో ఉంటే ఉబుంటు ప్రో కింద పొడిగింపు ఉంది. సొంత వాడకానికి ఐదు మెషీన్ల దాకా ఉచితం.

చేయి వేసే ముందు

సమయం ఎంచుకోవడంలో ఊరి సంగతి తెలిసినవాళ్ల మాట వినండి. డయాగ్నస్టిక్ సెంటర్‌లో పొద్దున పరగడుపు రక్తపరీక్షల రద్దీ. మిర్చి సీజన్‌లో కమీషన్ దుకాణాల్లో పొద్దుటి వేలం నుంచి తూకాలు, పట్టీలు అయ్యేదాకా ఊపిరాడదు. కాలేజీలో పరీక్ష ఫీజు ఆఖరు తేదీ. వీటిని తప్పించి రాత్రి పెట్టుకోవచ్చు. కానీ దాడులు మొదలయ్యాయని ప్రకటనలోనే ఉంటే ఆదివారం దాకా ఆగొద్దు. మధ్యాహ్నం అరగంట ఆపినా పర్వాలేదని యజమానికి నచ్చజెప్పండి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే కరెంటు పోతుంది. ప్యాకేజీ సగం ఎక్కుతుండగా సర్వర్ ఆగిపోతే పెద్ద తలనొప్పి. యూపీఎస్ బ్యాటరీ నిజంగా పది నిమిషాలైనా నిలుస్తుందా అని ముందే ఒకసారి మెయిన్ తీసి చూడండి. ఒకవేళ మధ్యలో ఆగిపోతే, తిరిగి ఆన్ అయ్యాక ‘సుడో డీపీకేజీ హైఫన్ హైఫన్ కాన్ఫిగర్ హైఫన్ ఏ’ కొడితే వదిలేసిన చోటినుంచి పూర్తిచేస్తుంది.

డేటాబేస్ డంప్, ఈటీసీ ఫోల్డర్ కాపీ తీసి వేరే మెషీన్‌లో పెట్టండి. వర్చువల్ మెషీన్ అయితే స్నాప్‌షాట్ తీయండి. లాగ్ ఫైళ్లు కూడా బయటికి కాపీ చేసుకోండి, రేపు ‘ఎవరైనా వచ్చారా’ అనే ప్రశ్నకు జవాబు వాటిలోనే వెతకాలి.

ప్యాచ్ ఎక్కించడం

దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్ మీద చేస్తుంటే ముందు టీమక్స్ తెరవండి. మధ్యలో మీ నెట్ పోయినా లోపల పని ఆగదు. తర్వాత:

సుడో ఆప్ట్ అప్‌డేట్

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ హైఫన్ హైఫన్ ఓన్లీ హైఫన్ అప్‌గ్రేడ్ ఓపెన్ఎస్ఎస్ఎల్ లిబ్ఎస్ఎస్ఎల్3

రెండో కమాండ్ ఆ రెండు ప్యాకేజీలనే మారుస్తుంది. అన్నీ ఒకేసారి అప్‌గ్రేడ్ చేస్తే పీహెచ్‌పీనో డేటాబేసో కూడా మారి, తర్వాత ఏదైనా పాడైతే దేని వల్ల పాడైందో తేలదు. ఒక్క ఓపెన్ఎస్ఎస్ఎల్ పేరే ఇచ్చి ఊరుకోకండి, ప్రోగ్రాములు వాడేది లిబ్ఎస్ఎస్ఎల్‌నే. రెడ్ హ్యాట్ రకాల్లో ‘సుడో డీఎన్ఎఫ్ అప్‌డేట్ ఓపెన్ఎస్ఎస్ఎల్’ చాలు, లైబ్రరీ కూడా దాంతోపాటే వస్తుంది.

పాత లైబ్రరీని మెమరీలోంచి దించడం

అసలు పని ఇక్కడుంది. ఈ మెట్టు దగ్గర తరచూ ఇలాంటి ఫోన్ సంభాషణే నడుస్తుంది.

‘అన్నా, అప్‌డేట్ చేసిన. కొత్త వెర్షనే చూపిస్తుంది.’

‘మంచిది తమ్మీ. ఇంజిన్ఎక్స్ రీస్టార్ట్ చేసినవా?’

‘రీలోడ్ కొట్టిన అన్నా. సైట్ మంచిగనే వస్తుంది.’

సైట్ మంచిగనే వస్తుంది, ఎందుకంటే పాత లైబ్రరీతోనే నడుస్తోంది. రీలోడ్ చేసినప్పుడు వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ అయిన ఇంజిన్ఎక్స్ తల్లి ప్రాసెస్ చావదు, సెట్టింగులు మళ్లీ చదివి కొత్త పిల్ల ప్రాసెస్‌లను పుట్టిస్తుంది. తల్లి మెమరీలో ఉన్న లైబ్రరీయే పిల్లలకూ వస్తుంది. కాబట్టి రీలోడ్ చాలదు, రీస్టార్టే కావాలి.

ఎవరెవరు పాతదాన్ని పట్టుకుని ఉన్నారో కళ్లతో చూడొచ్చు:

సుడో ఎల్ఎస్ఓఎఫ్ హైఫన్ ఎన్ పైప్ గ్రెప్ డెల్ పైప్ గ్రెప్ ఎస్ఎస్ఎల్

ఇందులో పైప్ అంటే నిలువు గీత గుర్తు. డెల్ మాత్రం పెద్ద అక్షరాల్లో కొట్టాలి. ఫలితంలో ఒక్కో వరుసలో ప్రోగ్రామ్ పేరు, ప్రాసెస్ నంబర్, యూజర్, డెల్ అనే గుర్తు, చివర లైబ్రరీ ఫైల్ పేరు ఉంటాయి. ఆ గుర్తుకు అర్థం ఏంటంటే, డిస్కులో ఆ పాత ఫైల్ చెరిగిపోయింది గానీ ఈ ప్రాసెస్ ఇంకా దాని కాపీనే వాడుతోంది. ఎస్ఎస్‌హెచ్ లాంటివి లిబ్‌క్రిప్టో అనే జంట ఫైల్‌ను మాత్రమే వాడతాయి కాబట్టి, ఎస్ఎస్ఎల్ బదులు క్రిప్టో అని పెట్టి మరోసారి వెతకండి. మామూలుగా ఇంజిన్ఎక్స్ లేదా అపాచీ, పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం, పోస్ట్‌గ్రెస్, మెయిల్ నడిపే పోస్ట్‌ఫిక్స్, ఓపెన్‌వీపీఎన్ తేలతాయి. ఉబుంటు 22.04లో ఆప్ట్ పని ముగిసే చోట నీడ్ రీస్టార్ట్ అనే సాధనం ఒక ఊదా రంగు తెర చూపించి, ఏ సర్వీసులు రీస్టార్ట్ చేయాలో అడుగుతుంది. కంగారుగా ఎస్కేప్ కొట్టకుండా ఆ జాబితా చదవండి. రెడ్ హ్యాట్ రకాల్లో నీడ్స్ రీస్టార్టింగ్ అనేది ఇదే పని చేస్తుంది.

ఇంజిన్ఎక్స్‌ను ఆపే ముందు ‘సుడో ఇంజిన్ఎక్స్ హైఫన్ టీ’ కొట్టి సెట్టింగుల్లో తప్పు లేదని చూసుకోండి. ఎప్పుడో ఎవరో మార్చి వదిలేసిన లైన్ రీస్టార్ట్ అప్పుడే బయటపడుతుంది. తర్వాత ఒక్కో సర్వీసును ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్’తో తిప్పి, ఎల్ఎస్ఓఎఫ్ మళ్లీ కొట్టండి. ఒక్క వరుస కూడా రాకూడదు.

చిన్న ఆఫీసుకైతే నా సలహా సూటిగా రీబూటే. పది సర్వీసులను పేరుపేరునా తిప్పి, పదకొండోదాన్ని మరచిపోయే కంటే ఐదు నిమిషాలు సర్వర్ ఆగడం నయం. రీబూట్ అయ్యాక అన్ని సర్వీసులూ వాటంతట అవే లేచాయా అని మాత్రం చూడాలి. సిస్టమ్‌సీటీఎల్‌లో ఎనేబుల్ చేయకుండా చేత్తో స్టార్ట్ చేసిన ప్రోగ్రామ్ లేవదు.

కంటెయినర్లను విడిగా చూడండి. ‘డాకర్ కంపోజ్ పుల్’ కొట్టి ‘డాకర్ కంపోజ్ అప్ హైఫన్ డీ’ కొట్టాలి. ఇమేజ్ మీరే తయారుచేసుకుంటే పుల్, నో క్యాష్ అనే రెండు ఆప్షన్లతో మళ్లీ బిల్డ్ చేయాలి. లేకపోతే పాత పొరలే మళ్లీ వాడుకుంటుంది.

ఎస్ఎస్‌హెచ్ అయితే ఇంకాస్త జాగ్రత్త

లోపం ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో ఉండి, మీరు హన్మకొండలో కూర్చుని జగిత్యాలలో ఉన్న సర్వర్‌కు ప్యాచ్ వేస్తున్నారనుకోండి. రెండు కిటికీల్లో రెండు లాగిన్లు తెరిచి పెట్టుకోండి. ‘సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ హైఫన్ టీ’తో సెట్టింగులు సరిచూడండి. రీస్టార్ట్ చేసినా ఇప్పటికే తెరిచిన లాగిన్లు తెగవు. మూడో కిటికీ తెరిచి కొత్తగా లాగిన్ అయి చూడండి. అది పడ్డాకే మొదటి రెండూ మూయండి.

రెగ్రెషన్‌కు తాత్కాలిక ఉపాయంగా లాగిన్ గ్రేస్ టైమ్‌ను, అంటే లాగిన్ పూర్తిచేయడానికి ఇచ్చే గడువును, సున్నా చేయమన్నారు. దాంతో దాడికి దారి మూసుకుపోతుంది గానీ, ఎవరైనా కనెక్షన్లు తెరిచి వదిలేస్తూ పోతే మీకే లాగిన్ దొరకదు. ఒక్క రాత్రికి ఫర్వాలేదు. దానికంటే మేలు, పోర్ట్ 22ను ఫైర్‌వాల్‌లో మీ ఆఫీసు ఐపీకో వీపీఎన్‌కో మాత్రమే తెరవడం. అలా ఉన్న సర్వర్‌కు ఇలాంటి వార్త వచ్చిన రాత్రి టెన్షన్ సగం తగ్గుతుంది.

కీలు మార్చాలా?

లోపం మెమరీని బయటపెట్టే రకమైతే మార్చాల్సిందే. ‘మన చిన్న సెంటర్ మీద ఎవరికి కన్ను’ అనుకోవద్దు. ఈ దాడులు మనిషి ఊరు చూసి చేసేవి కావు, ప్రోగ్రాములు ఐపీ తర్వాత ఐపీ తడుముతూ పోతాయి. హార్ట్‌బ్లీడ్ వల్ల రహస్య కీ నిజంగా దొరకదేమో అని మొదట్లో కొందరన్నారు. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఒక సర్వర్ పెట్టి సవాలు విసిరితే, 2014 ఏప్రిల్ 11నే ఇద్దరు వేర్వేరుగా ఆ కీ లాగి చూపించారు.

ఇక్కడ వరుస తప్పకూడదు. ప్యాచ్, రీస్టార్ట్ పూర్తయ్యాకే కొత్త కీ పుట్టించాలి. ఆ కొత్త కీతో సర్టిఫికెట్ తెచ్చుకుని ఎక్కించాలి. అది పనిచేస్తోందని చూశాక పాత సర్టిఫికెట్‌ను రద్దు చేయించాలి. తర్వాత లాగిన్ సెషన్లన్నీ చెరిపేయాలి. పాస్‌వర్డులు మార్చమనడం అన్నిటికంటే చివర. లోపం ఉండగానే పాస్‌వర్డ్ మార్పిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా అదే కన్నంలోంచి పోతుంది.

సర్టిఫికెట్ రెన్యూ చేశామంటే కీ మారినట్టేనని అనుకోకండి. అమ్మేవాళ్ల దగ్గర పాత సీఎస్ఆర్ (సర్టిఫికెట్ కోసం పంపే అభ్యర్థన ఫైల్) మళ్లీ ఇస్తే పాత కీయే కొనసాగుతుంది. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడేవాళ్లకు, వాటిని తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ ప్రోగ్రామ్ మామూలుగా ప్రతిసారీ కొత్త కీ చేస్తుంది, రీయూజ్ కీ అనే ఆప్షన్ పెట్టి ఉంటే మాత్రం చేయదు. రెన్యూవల్ ఫోల్డర్‌లోని ఫైల్ తెరిచి అది చూసుకోండి. తర్వాత ‘సుడో సర్ట్‌బాట్ రెన్యూ హైఫన్ హైఫన్ ఫోర్స్ హైఫన్ రెన్యూవల్’ కొట్టండి. సరిగ్గా అవే డొమైన్లకు వారంలో ఐదు సర్టిఫికెట్లే ఇస్తారు. పని కాలేదని పదే పదే కొడితే ఆ పరిమితి దాటి, మళ్లీ ఇచ్చేదాకా ఆగాల్సి వస్తుంది.

ఓపెన్‌వీపీఎన్‌లో సర్వర్ కీ మార్చి, సిబ్బంది ల్యాప్‌టాప్‌లలో క్లయింట్ కూడా కొత్తది వేయించండి. హార్ట్‌బ్లీడ్ లాంటివి సర్వర్‌వైపే కాదు, క్లయింట్‌వైపూ పనిచేస్తాయి.

వాడుకదారులకు వాట్సాప్‌లో పంపే సందేశం పొట్టిగా, భయపెట్టకుండా ఉండాలి. ఇలా రాయొచ్చు:

‘నమస్కారం. మా సర్వర్‌లో వాడే సాఫ్ట్‌వేర్‌లో ఒక భద్రతా లోపం బయటపడింది. దాన్ని సరిచేశాం. ఈరోజు రాత్రి 10 గంటల తర్వాత మీ పాస్‌వర్డ్ మార్చుకోండి. మీరు రోజూ లాగిన్ అయ్యే పేజీలోనే మార్చుకోవాలి. మేము లింక్ పంపము, ఓటీపీ అడగము.’

ఆ ఆఖరి వాక్యం తప్పకుండా పెట్టండి. ఇలాంటి వార్త వచ్చిన రోజుల్లోనే దొంగ లింకులూ తిరుగుతాయి.

పరీక్షించి, రాసి పెట్టండి

బయటి నుంచి, అంటే ఆఫీసు నెట్ కాకుండా మొబైల్ డేటా మీద, సర్వర్‌ను పరీక్షించండి. ‘ఓపెన్ఎస్ఎస్ఎల్ ఎస్ అండర్‌స్కోర్ క్లయింట్’తో కనెక్ట్ అయితే ఇప్పుడు వడ్డిస్తున్న సర్టిఫికెట్ కనిపిస్తుంది. దాని తేదీ, సీరియల్ నంబర్ పాతదానికి వేరుగా ఉండాలి. హార్ట్‌బ్లీడ్ లాంటి పేరున్న లోపాలకు నెట్‌వర్క్‌ను పరీక్షించే ఎన్‌మ్యాప్ అనే సాధనంలో ప్రత్యేక స్క్రిప్టులుంటాయి. వాటిని మీ సర్వర్ మీదే వాడండి. పక్క ఆఫీసు సర్వర్‌లో లోపం ఉందేమోనని కుతూహలం కొద్దీ చూడటం కూడా ఐటీ చట్టం కింద ఇబ్బంది తెస్తుంది. సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడొచ్చు.

ఒక నోట్‌బుక్‌లో రాయండి: సీవీఈ నంబర్, ప్యాకేజీ పాత వెర్షన్, కొత్త వెర్షన్, ఏ రోజు ఎన్ని గంటలకు ఎక్కింది, ఎప్పుడు రీస్టార్ట్ అయింది, ఏ కీలు మార్చారు, ఏ పరికరం మిగిలిపోయింది. ఎక్కించిన సమయం మరచిపోతే వార్ లాగ్ ఆప్ట్ ఫోల్డర్‌లోని హిస్టరీ లాగ్‌లో దొరుకుతుంది.

లాగ్‌లు వెతికినప్పుడు మీది కాని లాగిన్, తెలియని యూజర్, లాగిన్‌కు అనుమతి ఉన్న కీల జాబితా అయిన ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో కొత్త వరుస కనిపిస్తే అక్కడితో ప్యాచ్ పని ఆపండి. సర్వర్‌ను నెట్ నుంచి తీసేయండి గానీ ఫార్మాట్ చేయకండి. సైబర్ భద్రతా ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఇలాంటి ఘటనను గుర్తించిన 6 గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. ఆ ఆరు గంటలు గుర్తించిన క్షణం నుంచే లెక్క. యజమాని హైదరాబాద్ నుంచి వచ్చేదాకా ఆగితే సగం అక్కడే అయిపోతాయి, కాబట్టి ఎవరు ఫిర్యాదు పంపాలో, ఏ మెయిల్ నుంచి పంపాలో ఈరోజే మాట్లాడుకుని అదే నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టండి.